తెనాలి గ్రహం నుంచి వచ్చిన ప్రయాణికుడు

అమెరికా నుంచి తెనాలికి తిరిగి వచ్చి వారం దాటింది. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ నయాగరా చూశారా అని అడుగుతున్నారు. చూశాను, నీళ్ళు బాగానే పడుతున్నాయి. నాకు చెప్పాలని ఉన్నది మాత్రం 2023 ఆగస్టులో మా అబ్బాయి, కోడలు, తొమ్మిదేళ్ళ మనవడితో కలిసి ఫ్లోరిడాకు వెళ్ళి వచ్చిన నాలుగు రోజుల ప్రయాణం గురించి. అందులో రెండు రాత్రులు మేము ఒక కాంక్రీటు భవనం లోపల ఉండి, అంతరిక్షంలో తిరిగే ఓడలో ఉన్నామని నమ్ముతూ, నమ్మలేకపోయినప్పుడు నమ్మినట్టు నటిస్తూ గడిపాం.

ఆ భవనం ఓర్లాండో దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఉంది. దాని పేరు 'స్టార్ వార్స్: గెలాక్టిక్ స్టార్‌క్రూజర్'. స్టార్ వార్స్ అంటే అంతరిక్ష యుద్ధాల మీద తీసిన అమెరికా సినిమాల వరస. 2022 మార్చి 1న తెరిచారు. గదులు 100 ఉండేవి గాని దాన్ని హోటలు అనడం కష్టం, ఎందుకంటే ఒక్క రాత్రికి గది అద్దెకు ఇచ్చేవారు కాదు. అందరూ ఒకే రోజున ఎక్కి, రెండు రాత్రులు గడిచాక ఒకే రోజున దిగేవారు. ఎక్కినప్పటినుంచి దిగేదాకా ఒక కథ నడుస్తూ ఉండేది, అందులో మనం కూడా పాత్రలమే. మొదట్లో ప్రకటించిన నమూనా ధరల ప్రకారం ఇద్దరికైతే 4,809 డాలర్లు, ముగ్గురు పెద్దలూ ఒక చిన్నపిల్లవాడూ అయితే 5,999 డాలర్లు. మాకు అయింది కూడా ఈ రెండో అంకెకు దగ్గరలోనే, అంటే మన లెక్కలో సుమారు ఐదు లక్షల రూపాయలు. ఏడాదిన్నరగా "ఆ ధరకు వెళ్ళేది లేదు" అని భీష్మించుకు కూర్చున్న మా అబ్బాయి, దీన్ని మూసివేస్తున్నామని 2023 మే 18న ప్రకటన రాగానే మెత్తబడ్డాడు. ఆ ఏడు సెప్టెంబరు 28న ఎక్కినవాళ్ళదే చివరి ప్రయాణం.

మా ఆవిడ రానన్నది. ఐదు లక్షలు పోసి కిటికీ లేని గదిలో పడుకోవడం తన వల్ల కాదని చెప్పి, రెండేళ్ళ మనవరాలిని చూసుకుంటూ అట్లాంటాలో అబ్బాయి ఇంట్లోనే ఉండిపోయింది.

మొదటి రోజు: అట్లాంటా నుంచి కిస్సిమ్మీ

దక్షిణ జార్జియాలో ఇంటర్‌స్టేట్ 75 పక్కన పెట్రోలు బంకుల్లో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతారని నాకు అంతకుముందు తెలియదు. పెద్ద కుండలో ఉప్పునీళ్ళలో మరుగుతున్న కాయల్ని గరిటెతో తీసి మనమే కప్పులో పోసుకోవాలి. పక్కనే మరో కుండలో ఎర్రగా కారం కలిపినవి కూడా ఉన్నాయి. కప్పు 5 డాలర్లు. లెక్కపెట్టే చోట ఉన్న పెద్దావిడ నన్ను 'హనీ' అని పిలిచి, తొక్కలు వేసుకోవడానికి ఇంకో ఖాళీ కప్పు ఇచ్చింది. కార్తీకమాసంలో మా పెరట్లో ఉడికిన కాయల వాసన అమెరికా హైవే మీద తగలడం నాకు ఆ ప్రయాణంలో దొరికిన మొదటి వింత, అదీ ఐదు డాలర్లకే.

అసలు చర్చ కారులోనే మొదలయింది. ఈ ఓడ గురించి అభిమానులు అప్పటికి రెండేళ్ళుగా కొట్లాడుకుంటున్నారు. మా అబ్బాయి ఆ కొట్లాటను మొదటినుంచీ గమనిస్తున్నవాడు, పైగా తనూ ఒక పక్షంవాడే. వాడికి స్టార్ వార్స్ అంటే 1977లో మొదలైన మొదటి మూడు చిత్రాలు, వాటిలోని నాయకుడు ల్యూక్ స్కైవాకర్, ప్రతినాయకుడు డార్త్ వేడర్. డిస్నీ 2012లో లూకాస్‌ఫిల్మ్‌ను కొన్నాక తీసిన కొత్త చిత్రాల కాలంలో, అంటే 2017 నాటి చిత్రానికీ 2019 నాటి చిత్రానికీ మధ్య జరిగే కథను ఈ ఓడకు పెట్టారు. వేడర్ ఉండడు, ల్యూక్ ఉండడు. రామాయణం ఆడుతున్నామని పిలిచి రాముడు లేకుండా లవకుశుల కథ మాత్రమే చూపిస్తే మీరు ఊరుకుంటారా నాన్నా, అని వాడు అడిగాడు. లవకుశుల కథకే మా ఊళ్ళో జనం ఎక్కువ వచ్చేవారని చెప్పాను. వాడికి ఆ జవాబు నచ్చలేదు.

కోడలిది వేరే బాణీ. ఆమె జమాఖర్చులు చూసే ఉద్యోగంలో ఉంది. మధ్యాహ్నం ఎక్కి మూడో రోజు ఉదయం దిగితే సుమారు 45 గంటలు; 5,999ని 45తో భాగిస్తే గంటకు 133 డాలర్లు; అందులో తిండి, మద్యం కాని పానీయాలు, పార్కు టికెట్లు, కారు నిలిపే ఖర్చు కలిసే ఉన్నాయి కనుక, వాటి విలువ తీసేసి మిగిలినదాన్ని నాటకానికి కట్టిన రుసుముగా చూడాలి అన్నది. మా అబ్బాయి ఆ తీసివేతను ఒప్పుకోలేదు. ఇద్దరూ వాదించుకుంటూ ఉండగా, వైల్డ్‌వుడ్ దగ్గర ఫ్లోరిడా టర్న్‌పైక్ వైపు తిరగవలసిన చీలిక దాటిపోయింది. టాంపా వైపు చాలా దూరం వెళ్ళాక వెనక సీట్లోంచి మనవడు చెప్పాడు, మ్యాపులో మన చుక్క తప్పు గీత మీద ఉందని. ముప్పావు గంట పోయింది. కోడలు తన లెక్క ప్రకారం దాని ఖరీదు 100 డాలర్లని చెప్పి, ఓడ ఇంకా ఎక్కలేదు కాబట్టి మాఫీ చేసింది.

రాత్రి కిస్సిమ్మీలో ఒక సాదా మోటెల్లో దిగాం. 90 డాలర్ల గది, మర్నాడు పొద్దున మనమే పిండి పోసి కాల్చుకునే వాఫిల్. దాని రుచికి నేను వంకపెట్టను, కాల్చింది నేనే.

రెండవ రోజు: ఓడ ఎక్కడం

బయటినుంచి చూస్తే ఆ భవనం మన వైపు శీతల గిడ్డంగిలా ఉంటుంది. మిరపకాయల బస్తాలు దించే లారీలు వరసగా నిలబడి ఉంటే గుంటూరు అనుకునేవాడిని. కిటికీలు ఎందుకు లేవో లోపలికి వెళ్ళాక అర్థమయింది. చిన్న గది వంటి దానిలోకి మమ్మల్ని ఎక్కించి తలుపు మూశారు. పైకప్పులోని కిటికీలో ఆకాశం నల్లబడింది, నక్షత్రాలు వచ్చాయి, పెద్ద ఓడ దగ్గరపడింది, ఏదో తగులుకున్న చప్పుడయింది, తలుపు తెరుచుకుంది. ఎదురుగా తెల్లని విశాలమైన హాలు. అంటే పైకో కిందికో లిఫ్టులో వెళ్ళినట్టే వెళ్ళాం గాని, ఆ రెండు నిమిషాల్లో నా కడుపు మాత్రం నిజంగానే తేలింది. సురభి నాటకాల్లో తెరల వెనక తాళ్ళతో, గిలకలతో చేసే మాయను చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసినవాణ్ణి. ఇది ఆ జాతికి చెందినదే, ఖర్చు మాత్రం వేరు.

నా దుస్తుల సంగతి ఇక్కడ చెప్పాలి. చాలామంది ప్రయాణికులు నెలల తరబడి కుట్టించుకున్న అంగీలతో, కవచాలతో వస్తారని అబ్బాయి చెప్పాడు. లోపలి దుకాణంలో కొనుక్కోవచ్చు గాని ఆ ధరలు వింటే కోడలు మళ్ళీ భాగహారం మొదలుపెట్టేలా ఉంది. నేను మంగళగిరి పంచె కట్టుకుని, తెల్ల లాల్చీ మీద జరీ అంచు ఉత్తరీయం వేసుకున్నాను. హాలులో అడుగుపెట్టగానే స్వాగతం చెప్పడానికి నిలబడ్డ ఓడ ఉద్యోగిని తల వంచి, నేను ఏ గ్రహం నుంచి వస్తున్నానని అడిగింది. నాకు వేరే పేరు తోచక తెనాలి అన్నాను. ఆమె కళ్ళు ఆర్పలేదు. తెనాలి నుంచి ప్రయాణం సుఖంగా సాగిందా, అక్కడ ఇప్పుడు ఏ రుతువు అని అడిగింది. వర్షాలు ఆలస్యమయ్యాయి, నాట్లు పడలేదు అన్నాను. పంటల గ్రహం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడన్న వార్త సాయంత్రానికి ఓడంతా పాకింది. అభిమానుల్లో ఒకరు నన్ను సెనేటరుగారూ అని పిలిచారు. అరవై ఏడేళ్ళ వయసులో, ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన నాకు, ఒక్క ఉత్తరీయంతో అంత మర్యాద దక్కడం అదే మొదటిసారి.

గది చిన్నది. గోడలోకి చెక్కినట్టున్న రెండు పడకలు మనవడూ నేనూ పంచుకున్నాం. కిటికీ స్థానంలో ఉన్న తెరమీద నక్షత్రాలు కదులుతూ ఉంటాయి, ఓడ వేగం పెంచినప్పుడు గీతలవుతాయి. గోడలో డి3-ఓ9 అనే యంత్రసేవకి మాట్లాడుతుంది. మనవడు దానితో గంటసేపు కబుర్లు చెప్పాడు. ఫోనులో ఒక యాప్ ఉండేది, దాన్ని 'డేటాప్యాడ్' అనేవారు. కథలోని పాత్రలు అందులోకి సందేశాలు పంపేవి, మనం ఇచ్చే జవాబును బట్టి ఎవరి పక్షాన ఉన్నామో తేలేది, దాన్ని బట్టి ఎక్కడికో రమ్మని పిలుపు వచ్చేది.

నాలుగు గంటలకు అందరినీ హాలులో సమావేశపరిచారు. కెప్టెన్ రియోలా కీవన్ పై అంతస్తు నుంచి మాట్లాడింది. ఆ పాత్ర వేసిన నటి ముఖానికి నీలం రంగు పూసుకుని ఉంది. నాకు వెంటనే కృష్ణుడి వేషం గుర్తొచ్చి చేతులు జోడించబోయాను. ఇంతలో శత్రుపక్షమైన 'ఫస్ట్ ఆర్డర్' నుంచి లెఫ్టినెంట్ హార్మన్ క్రోయ్ అనేవాడు నల్ల దుస్తుల్లో, ఇద్దరు తెల్ల కవచాల సైనికులతో ఓడలో దిగి, అందరి మీదా అధికారం చెలాయించడం మొదలుపెట్టాడు.

వాడి దర్పం చూస్తూ ఉంటే మా వీధికి వచ్చే పిట్టలదొర కళ్ళముందు నిలిచాడు. ఖాకీ నిక్కరు, టోపీ, భుజాన కొయ్య తుపాకీ. తెలంగాణలో తుపాకీ రాముడంటారు. లేని ఎకరాలు, లేని మేడలు, లేని వేటలు గంభీరంగా చెప్పేవాడు. మా నాన్నగారు అరుగుమీద కూర్చుని "దొరగారూ, మొన్న కొట్టిన పులి తోలు ఏం చేశారు" అని అడిగేవారు. ఆయనకు వాడు దొర కాడని తెలుసు, వాడికీ ఆయనకు తెలుసునని తెలుసు, అయినా ఇద్దరిలో ఒక్కరూ నవ్వేవారు కాదు. పగటివేషగాళ్ళు వచ్చినప్పుడూ అంతే. సోమయాజులు వేషం వేసినవాడు శాస్త్రం తప్పు చెబితే మా తాతగారు నిజంగానే కోప్పడినట్టు తర్కానికి దిగేవారు. ఇప్పుడు అమెరికాలో ఎంతో కొత్తదిగా చెప్పుకుంటున్న, చూసేవాడు కూడా ఆడే ఈ నాటకం మాకు పాత చుట్టమే.

లెఫ్టినెంటు నా ముందు ఆగి, మీ గ్రహం ఎవరి పక్షం అని గద్దించాడు. అబ్బాయి పక్కనుంచి ఇంగ్లీషులో ఏదో అందించబోయాడు. నేను ఉత్తరీయం సర్దుకుని, కాలేజీ రోజుల్లో రాయబారం సీనులో సంజయుడి వేషం వేసిన గొంతుతో తెలుగులోనే చెప్పాను: మాది చిన్న ఊరు నాయనా, మాకు రెండు వైపులా చుట్టాలున్నారు. అతను ఒక్క క్షణం ఆగాడు. తరువాత తన సైనికుడి వైపు తిరిగి, ఈ మాండలికాన్ని నమోదు చేయించి అనువాదకుణ్ణి తెప్పించమని ఆజ్ఞాపించి, నావైపు వేలు చూపిస్తూ వెళ్ళిపోయాడు. మా నాన్నగారు ఉండి ఉంటే అతనికి శేరు బియ్యం కొలిపించేవారు.

రాత్రి భోజనం 'క్రౌన్ ఆఫ్ కొరెలియా' అనే భోజనశాలలో. తలనుంచి రెండు జడల్లాంటివి వేలాడే గాయా అనే గాయని వేదికమీద పాడుతూ ఉండగా వడ్డన జరిగింది. నీలం రంగు రొయ్యలు వచ్చాయి. చల్లగా, మెత్తగా, రొయ్య రుచితోనే ఉన్నాయి. ఉప్పు తప్ప మరే మసాలా తగలని రొయ్యను తినడం కృష్ణాజిల్లా అల్లుడికి కొంచెం పరీక్ష. కోడలు చేతిసంచిలోంచి నల్లకారం పొట్లం తీసి బల్లకింద నుంచి అందించింది. పక్కబల్ల మీది అమెరికన్ పిల్ల ఆ పొడి ఏ గ్రహానిదని అడిగి, వేలికి అద్దుకుని నాకి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఇంకొంచెం కావాలన్నది.

ఆ రాత్రి నేను ఏడు గంటలు నిద్రపోయాను. కోడలి లెక్క ప్రకారం ఆ నిద్ర ఖరీదు 900 డాలర్లకు పైమాటే.

మూడవ రోజు: బటూ గ్రహం, తిరిగి ఓడ

పొద్దున మనవడు కత్తిసాముకు వెళ్ళాడు. వెలుగు కత్తి పట్టుకుని ఎదురుగా వచ్చే కాంతి దెబ్బల్ని కాచుకోవాలి. నేను ఓడ నడిపే గదిలో శిక్షణకు వెళ్ళాను. రక్షణ కవచాలు, ఆయుధాలు, సరుకు, యంత్రాల వ్యవస్థ అని వేరువేరు చోట్ల మీటలుంటాయి, నలుగురూ కూడబలుక్కుంటే తప్ప పని సాగదు. నా పక్కన మీటలు నొక్కినావిడ ఒహాయోలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన టీచరు, ఇది ఆమెకు మూడో ప్రయాణం. ఇద్దరం మాస్టర్లమని తెలిశాక ఆమె నాతో ధారాళంగా మాట్లాడింది.

బటూ అంటే అదే డిస్నీ వరల్డ్‌లోని హాలీవుడ్ స్టూడియోస్ పార్కులో 2019 ఆగస్టులో తెరిచిన 'గెలాక్సీస్ ఎడ్జ్' అనే ప్రాంతం, పద్నాలుగు ఎకరాలు. ఓడ నుంచి అక్కడికి కిటికీలు లేని వాహనంలో తీసుకెళ్ళేవారు, అంతరిక్ష పడవ అని పేరు. దానికోసం వరసలో నిలబడినప్పుడు చర్చ మళ్ళీ రాజుకుంది. ఈసారి నలుగురైదుగురు చేరారు. టెక్సాస్ నుంచి వచ్చిన ఒకాయన, ఇదే డబ్బుతో కుటుంబమంతా నిజమైన సముద్రం మీద నిజమైన ఓడలో వారం తిరిగి రావచ్చు, అక్కడ ఈతకొలను కూడా ఉంటుంది, ఇక్కడ అదీ లేదు అన్నాడు. ఒహాయో టీచరు, దీన్ని గది అద్దెలతో పోల్చడమే తప్పు, నూరు గదులకు ఇంతమంది నటులు రెండు రోజులు మన పేరు గుర్తుపెట్టుకుని మనతో ఆడుతున్నారు, వాళ్ళ కూలి లెక్కవేయండి అన్నది. 2021 డిసెంబరులో దీని ప్రచార వీడియో ఒకటి జనం వెక్కిరించడంతో తీసేయవలసి వచ్చిందనీ, అప్పుడే చాలామంది చూడకుండానే తీర్పు చెప్పేశారనీ మా అబ్బాయి గుర్తుచేశాడు. నిన్నటిదాకా ఆ తీర్పు చెప్పినవాళ్ళలో తనూ ఒకడని నేను అనలేదు.

అందరికంటె ఆలోచింపజేసినవాడు ఒక కుర్రాడు. పోలెండులో చోహా అనే కోటలో 2014 నుంచి 'కాలేజ్ ఆఫ్ విజర్డ్రీ' అనే ఆట జరుగుతుందట. మాంత్రికుల కళాశాలలో విద్యార్థుల్లా కొన్ని రోజులు బతకడం. అక్కడ నటులు వేరు, డబ్బు కట్టినవాళ్ళు వేరు అన్న గీత పలచన, కథ ఎటు పోతుందో ఆడేవాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. ఇక్కడ మనం ఎన్ని సందేశాలకు జవాబిచ్చినా చివరి రాత్రి కొత్త చిత్రాల నాయిక రే, ఆమె శత్రువు కైలో రెన్ కత్తులు దూయడం ఖాయం, మరి మన ఎంపికకు విలువేముంది అని అతని ఆక్షేపణ. నేను కల్పించుకుని, రాయబారం విఫలమవుతుందని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు, అయినా తెల్లవార్లూ కూర్చుని పద్యానికి వన్స్‌మోర్ కొట్టేవాళ్ళం అన్నాను. వన్స్‌మోర్ కొడితే కృష్ణుడు ఏం చేస్తాడని టీచరు అడిగింది. మళ్ళీ పాడతాడు, కొన్నిసార్లు మొదటిసారికంటె బాగా పాడతాడు అన్నాను. అంటే పాత్ర నుంచి బయటికి వచ్చేస్తాడా అని ఆమె నొచ్చుకున్నట్టు అడిగింది. ఈ అభిమానులకు అన్నిటికంటె పెద్ద పాపం అదే. బటూలో మరుగుదొడ్డి ఎక్కడని అడిగితే, 'రిఫ్రెషర్' ఎటువైపో మాత్రమే చెబుతారు. డాలర్లను 'క్రెడిట్లు' అంటారు. పగలు 'బ్రైట్ సన్స్' అని పలకరిస్తారు. నాకు అత్యవసరమైన సమయంలో ఆ మొదటి పదం తెలియక రెండు నిమిషాలు ఇబ్బందిపడ్డాను. తప్పు నాదే, మనవడు ముందే నేర్పాడు.

అక్కడ నీలం పాలు తాగాం. ఆవుపాలు కావు, కొబ్బరిపాలు, బియ్యంపాలు కలిపి గడ్డకట్టించినవి. మన పాయసానికి పళ్ళ వాసన పట్టించి చల్లబరిస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. అప్పుడు ఒక్కో గ్లాసు దాదాపు 8 డాలర్లు. మధ్యాహ్నం ఫ్లోరిడాలో ఆగస్టులో రోజూ పడే ఉరుముల వాన పడింది, అప్పుడు మాత్రం ఒక ఉద్యోగి తన గ్రహం భాష పక్కనపెట్టి, నన్ను చెయ్యి పట్టుకుని చూరు కిందికి లాగి, నేల జారుతుంది సార్ అన్నాడు.

ఓడకు తిరిగి వచ్చాక అలసటతో ఫోను గొంతు నొక్కి అరగంట కునుకు తీశాను. లేచేసరికి మెకానిక్ సామీ నుంచి మూడు సందేశాలు. ఇంజను గదిలో రహస్యంగా ఏదో సరిచేయాలి, మీటల గురించి తెలిసిన మీరు రావాలి అని. పరుగెత్తాను. ఆ నడవాలన్నీ ఒకేలా ఉంటాయి. రెండు మలుపులు తప్పి, ఎవరిదో గది తలుపు ముందు తేలాను. నేను చేరేసరికి పని అయిపోయింది. అంతకుమునుపు ఆ గదిలో ఒకసారి గొట్టాలు తిప్పి, మీటలు లాగి ఎంతో సంతోషించినవాణ్ణి గనుక, ఇది పోయిందే అని నిజంగానే బాధపడ్డాను. ఆ బాధలోంచి నాకు ఈ వివాదం మొత్తం అర్థమయినట్టు తోచింది.

ఓడలో ఒకే సమయంలో నాలుగైదు కథలు నాలుగైదు చోట్ల నడిచేవి, ఎవరూ అన్నీ చూడలేకపోయేవారు. కథ కట్టినవాళ్ళు కావాలనే అలా కట్టారు. పగటివేషగాళ్ళు కూడా మా వీధిలో ఉన్నప్పుడు పక్క వీధివాళ్ళు చూడలేకపోయేవారు, దానికి ఎవరూ ఏడవలేదు, ఎందుకంటే రేపు వేరే వేషం వస్తుంది, సంభావన చివరిరోజున, అదీ మెచ్చుకున్నంత. ఇక్కడ సంభావన ముందే, అదీ ఐదు లక్షలు. గంటకు 133 డాలర్లని తెలిసినవాడు కథలో ఒక ముక్క తప్పిపోతే ఆటలో ఓడినట్టు కాదు, జేబు కొట్టేసినట్టు బాధపడతాడు. హాలులో చాలామంది ఫోనుల్లోకి చూస్తూ పరుగెత్తడం నేను గమనించాను. మీద పడిన ధర వాళ్ళను స్తిమితంగా కూర్చుని ఆడనివ్వడం లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆటను తిట్టేవాళ్ళున్నారు, నిజమే. అయితే ఈ మద్దెల ఖరీదు చూసినవాడు దాన్ని నిమరడానికే భయపడతాడు. ఆ టీచరు సుఖంగా ఉండడానికి కారణం ఆమె గొప్ప నటి కావడం కాదు, మూడోసారి రావడం. తప్పిపోయినవి ఆమె ముందే చూసేసింది.

మనవడు మాత్రం ఈ గొడవలేవీ పట్టించుకోకుండా లెఫ్టినెంటు క్రోయ్ పక్షంలో చేరిపోయాడు. వాళ్ళ నాన్నకు అది పిడుగుపాటు. 1977 నుంచి తిరుగుబాటుదార్ల పక్షాన నిలబడ్డ అభిమాన సంప్రదాయం మా వంశంలో అలా తెగిపోయింది. రాత్రి తిరుగుబాటుదార్ల పక్షాన ఉన్న ఒళ్ళంతా జుట్టున్న చ్యూబకాను దాచిపెట్టే పనిలో అబ్బాయి ఉంటే, వెతికే పనిలో మనవడున్నాడు. ఒకే గదిలోంచి ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు సందేశాలు పంపుకుంటూ ఉంటే కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె ఆ రెండు రోజుల్లో లెక్క వేయడం మరిచిపోయిన సమయం అదొక్కటే.

చివరి ఘట్టంలో రే, కైలో రెన్ హాలు మెట్లమీద, పై వసారాలో కత్తులతో తలపడ్డారు. మా అబ్బాయి, కొత్త చిత్రాల పాత్రలంటే పెదవి విరిచేవాడు, ముందు వరసలోకి తోసుకుంటూ వెళ్ళి అరిచాడు. నేను అలవాటు కొద్దీ వన్స్‌మోర్ అన్నాను. టీచరు నన్ను మోచేత్తో పొడిచింది, తరువాత తనూ గొంతు కలిపింది. ఎవరూ మళ్ళీ చేయలేదు.

నాలుగవ రోజు: దిగడం, అట్లాంటా

ఉదయం ఫలహారం అయ్యాక వచ్చిన దారినే అదే చిన్న గదిలో ఎక్కించి కిందికి దింపారు. తలుపు తెరుచుకుంటే ఎండ, తేమ, కారు నిలిపే కుర్రాళ్ళు, సామాను బండి. ఒహాయో టీచరు తన కారు దగ్గర నిలబడి ఏడుస్తోంది. నాలుగోసారి రావాలంటే ఇక ఓడ ఉండదు. అక్కడి వాళ్ళు వీడ్కోలుకు వాడే 'గుడ్ జర్నీ' అన్న మాటే ఆమెకు చెప్పాను, అంతకంటె తోచలేదు. ఆమె నా చేతులు పట్టుకుని, తెనాలిలో వానలు పడాలని కోరుకుంది.

తిరుగు ప్రయాణంలో వైల్డ్‌వుడ్ దాటేదాకా ఎవరూ వాదించలేదు. దాటాక మా అబ్బాయి, ధర సగం ఉంటే మళ్ళీ వెళ్ళేవాణ్ణన్నాడు. సగం ధరకు సగం నటులే ఉంటారని కోడలు అన్నది. మనవడు నిద్రపోయాడు. నేను మళ్ళీ వేరుశెనక్కాయలు కొన్నాను, ఈసారి కారం వేసినవి.

ఇంటికి చేరాక అబ్బాయి ఫోటోలన్నీ టీవీ తెరమీద పెట్టి వాళ్ళ అమ్మకు చూపించాడు. నీలం ముఖం కెప్టెన్, తెల్ల కవచాల సైనికుల మధ్య పంచెకట్టులో నేను, వెనక నక్షత్రాలు. ఆమె మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని ఆ చివరి ఫోటో దగ్గర చాలాసేపు ఆగింది. నచ్చిందనే అనుకున్నాను.

"ఉత్తరీయం ఉతికిచ్చాకే తీసుకెళ్ళమంటే విన్నారు కాదు," అన్నది, "అంచు ఎలా మాసిపోయి కనబడుతోందో చూడండి."